ఆర్సీలో ఉన్న బండి, షెడ్డులో ఉన్న బండి



పాత కారు అమ్మబోయిన వాళ్ళ నోట తరచూ వినపడే మాట ఒకటుంది. "దీని మీద ఎంత డబ్బు పోశానో మీకు తెలియదండీ. ఇంజను మార్పించాను, ఏసీ పెట్టించాను, సీట్లు కొత్తగా కుట్టించాను, తళతళలాడే రంగు వేయించాను. అయినా చూడ్డానికి వచ్చినవాడు రేటు పెంచకపోగా తగ్గిస్తున్నాడు" అంటారు. అదే ఊళ్ళో ఇంకొకాయన తండ్రి కొన్న అంబాసిడర్‌ను ఏమీ చేయించకుండా, అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి, గుడ్డ పెట్టి తుడిచి అలాగే ఉంచుతాడు. రంగు వెలిసి ఉంటుంది, సీటు రెగ్జిన్ ఒక మూల చిట్లి ఉంటుంది. ఎక్కడో హైదరాబాదు నుంచి మనిషి వచ్చి, బానెట్ ఎత్తి చూసి, పెద్దగా బేరమాడకుండా దాన్ని ట్రాలీ మీద ఎక్కించుకుని పోతాడు. డబ్బు పెట్టినవాడికి నష్టం, పెట్టనివాడికి లాభం! ఇదేం లెక్క అనిపిస్తుంది. ఈ రోజు ఆ లెక్కే విప్పి చూద్దాం.

పాత బండి కొనేవాళ్ళు రెండు రకాలు. మొదటివాడు తోలుకోవడానికి కొంటాడు. వాడికి బండి పొద్దున్నే స్టార్ట్ కావాలి, బ్రేకు పట్టాలి, సామాను దొరకాలి. ఏ ఇంజను పెట్టారు, ఏ గ్రిల్లు తగిలించారు అని పట్టించుకోడు. రెండోవాడు దాచుకోవడానికి కొంటాడు. వాడికి ఇల్లు ఉంది, తోలుకోవడానికి కొత్త కారూ ఉంది. వాడు కొంటున్నది ఒక కాలాన్ని. కంపెనీ గేటు దాటినప్పుడు ఆ బండి ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలని అడుగుతాడు. మొదటివాడు ఏటేటా తగ్గిపోతున్నాడు. కొత్త కార్లకు అప్పులు దొరుకుతున్న కాలంలో అంబాసిడర్‌ను రోజూ తోలేవాళ్ళు ఎంతమంది మిగిలారు? పాత కారుకు ఈనాడు మంచి ధర పెట్టేది రెండోవాడే. మనం మాత్రం బండిని మొదటివాడి కోసం ముస్తాబు చేసి రెండోవాడి రేటు అడుగుతున్నాం. పేచీ అంతా ఇక్కడే వస్తోంది.

మన పల్నాడు సంగతే చూడండి. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. ఇక్కడి బండ్ల కథ మాత్రం అంతకంటే చాలా పాతది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల మెట్ట చేలను తడిపింది. వరి వచ్చింది, మిరప, పత్తి పెరిగాయి. చేతికి నాలుగు డబ్బులు వచ్చిన ఇళ్ళలోకి ట్రాక్టరు వచ్చింది, బుల్లెట్టు వచ్చింది, పెద్ద రైతుల ఇళ్ళలోకి జీపో అంబాసిడరో వచ్చింది. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకని వచ్చిన బండిని ఎవరూ వదులుకోలేదు. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర ఎగబాకింది. బండి వదలలేరు, పెట్రోలు పోయలేరు. పెట్రోలు ఇంజను దించేసి డీజిలు ఇంజను ఎక్కించడం అలా మొదలైంది. మెటాడోర్ వ్యాను ఇంజను వేసిన జీపులు, ఎక్కడి నుంచో తెచ్చిన డీజిలు ఇంజనుతో నడిచిన అంబాసిడర్లు మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. ఆనాటి అవసరానికి అది తెలివైన పనే. తప్పుపట్టలేం. అయితే ఆనాడు పెట్రోలు ఖర్చు తగ్గించిన ఇంజనే ఈనాడు బండి రేటు తగ్గిస్తోంది.

ఇంజను ఎందుకంత ముఖ్యం? బండికి రెండు గుర్తింపు నంబర్లు ఉంటాయి. ఒకటి ఛాసిస్ నంబరు, రెండోది ఇంజను నంబరు. రెండూ ఆర్సీలో ఉంటాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవడం మీరు చూసే ఉంటారు. పొలానికి పాస్‌పుస్తకం ఎంతో పాత బండికి ఆర్సీ అంత. ఇంజను మార్పు నమోదు కాని కాగితంలో ఉన్న రెండు నంబర్లూ బండి మీద ఉన్న రెండు నంబర్లూ కలిస్తే, ఆ ఇంజనూ ఆ ఛాసిసూ కంపెనీలో పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయని నమ్మకం. సేకరించేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా మొదట చూసేది దీన్నే. నంబర్లు కలవకపోతే ఎంత మెరిసే రంగైనా ఆ లోటు తీర్చదు.

అసలుది అంటే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. మనవాళ్ళు అంబాసిడర్ అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసిన కారు అది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని మూలం. అంత కాలంలో పైరూపం పెద్దగా మారినట్టు కనపడదు గానీ లోపల చాలా మారింది. మొదటి బండ్లలో 1476 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజను ఉండేది. 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారినప్పుడల్లా ముందు గ్రిల్లు మారింది. 1992లో జపాన్ ఇసుజు ఇంజనుతో 1800 ఐఎస్‌జెడ్ వచ్చింది. అందులో గేరు కిందికి, అంటే డ్రైవరు పక్కన నేల మీదికి దిగింది. ముందు సీట్లు విడివిడిగా కూడా దొరికాయి.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. 1980ల మార్క్ 4 బండిలో గేరు స్టీరింగు పక్కన ఉండాలి, ముందు సీటు బల్లలాగా ఒకటే ఉండాలి. దాన్ని కోసి ఫ్లోర్ గేరు పెట్టిస్తే అది మార్పు. 1800 ఐఎస్‌జెడ్‌లో ఫ్లోర్ గేరు ఉంటే అదే అసలు. ఒకే వస్తువు ఒక బండిలో రేటు తగ్గిస్తుంది, ఇంకో బండిలో అది లేకపోతే రేటు తగ్గుతుంది. అలాగే మార్క్ 4 బండికి పాత మార్క్ 2 గ్రిల్లు తగిలించి, ఇంకా పాతదిగా చూపించేవాళ్ళు ఉన్నారు. తెలియనివాడు ముచ్చటపడతాడు. తెలిసినవాడు ఆర్సీలో తయారీ సంవత్సరం చూసి నవ్వుకుని, మిగతా బండిని కూడా అనుమానంగా చూడడం మొదలుపెడతాడు. ఒక్క గ్రిల్లు వల్ల మొత్తం బండి మీద నమ్మకం పోతుంది.

ఫియట్ కారు సంగతీ ఇంతే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఈ కారు ముందు ఫియట్ 1100గా, 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, ఆ వెంటనే ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. పద్మిని కారుకు ఫియట్ పేరు అంటించినంత మాత్రాన అది ముందటి ఫియట్ అయిపోదు. బుల్లెట్టులోనూ చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీయే టారస్ పేరుతో డీజిలు బుల్లెట్టు చేసి అమ్మింది. దానికి డీజిలు ఇంజనే అసలు. పెట్రోలు బుల్లెట్టుకు షెడ్డులో డీజిలు ఇంజను అమర్చితే అది వేరే కథ. అసలు ఏది అనేది కంపెనీ ఆ ఏడాది ఆ మోడల్లో ఏం పెట్టిందో దాన్ని బట్టి తేలుతుంది.

మరి మార్పు చేసిన ప్రతి బండీ పనికిరాదా? అలా అననక్కరలేదు. మార్పులను మూడు మెట్లుగా చూడవచ్చు.

మొదటిది, వెనక్కి తీయగలిగిన మార్పు. పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించారు. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించారు. టైర్లు రేడియల్ వేయించారు. సీటు బెల్టులు బిగించారు. ఇవన్నీ నట్లు విప్పితే ఊడి వస్తాయి. విప్పిన పాత సామాను భద్రంగా ఉంటే కొనేవాడు వీటిని తప్పు కింద లెక్కపెట్టడు. పైగా బండి రోడ్డు మీద నమ్మకంగా నడుస్తోందని సంతోషిస్తాడు.

రెండోది, కోతపెట్టిన మార్పు. ఏసీ కోసం డాష్‌బోర్డుకు బెజ్జాలు పెట్టడం, స్పీకర్ల కోసం డోర్లు కోయడం, గేరు కోసం ఫ్లోరు రేకు కోయడం, కొత్త ఇంజను కూర్చోవడానికి ఛాసిస్‌కు వెల్డింగు చేసి మౌంటింగులు జరపడం. మన రెంటచింతల ఎండల గురించి రేడియో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అంటే ముందు ఆ ఊరి పేరే వస్తుంది. ఆ ఎండలో ఏసీ లేకుండా తిరగమని ఎవరికీ చెప్పలేం. అయితే డాష్‌బోర్డు కోయకుండా కింద వేలాడదీసి బిగించే ఏసీలు ఉన్నాయి. బేరం రోజున ఆ రెండింటి తేడా బాగా తెలుస్తుంది. కోసిన రేకును మళ్ళీ అతికించవచ్చు గానీ అది కంపెనీ రేకు కాదు. ఆ పనికి అయ్యే ఖర్చంతా కొనేవాడు ముందే లెక్కగట్టి మీ రేటులోంచి తీసేస్తాడు.

మూడోది, కాగితంలోకి ఎక్కని మార్పు. ఇది అన్నిటికంటే ప్రమాదం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో శిక్ష కూడా స్పష్టంగా రాశారు. అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంజను మార్చినా, ఇంధనం మార్చినా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. రంగు మార్చినా ఆర్సీలో ఆ రంగే ఉండాలి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బండిలో డీజిలు ఇంజను ఉంటే కొనేవాడి పేరు మీదికి బండి మారదు, ఇన్సూరెన్సు క్లెయిము నిలవదు. అలాంటి బండి చివరికి ఇనుప సామాను కొట్టుకు తూకం మీద పోతుంది.

రంగు గురించి విడిగా చెప్పాలి. రంగు వేయిస్తే రేటు పెరుగుతుందని మనందరి నమ్మకం. కొత్త రంగు చూసిన సేకర్తకు ముందు వచ్చే ప్రశ్న, దీని కింద ఏముంది అని. లప్పం మందం ఎంత, తుప్పు ఎక్కడ దాచారు అని అయస్కాంతం తీసి రేకు మీద పెట్టి చూస్తాడు. లప్పం దళసరిగా ఉన్నచోట అయస్కాంతం పట్టదు. వెలిసిన పాత రంగులో దాపరికం ఉండదు. ఇక్కడ మన పల్నాడుకు ఒక వరం ఉంది. తీరం వెంట ఉప్పుగాలికి కార్ల రేకులు తుప్పు పట్టి పోతాయి. మన పొడి గాలిలో తుప్పు నెమ్మదిగా పడుతుంది. మన శత్రువు ఎండ. డాష్‌బోర్డు పగులుతుంది, అద్దాల బీడింగు ఎండి రాలుతుంది, రెగ్జిన్ చిట్లుతుంది, రంగు పాలిపోతుంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపు దుమ్ము పేరుకుని, దాని మీద తేమ పడితే రంగును పట్టేస్తుంది. బండిని నీడన పెట్టి, గాలాడే గుడ్డ కప్పితే చాలు. రేకులు బాగున్న పల్నాడు బండిని పాత రంగుతోనే చూపించండి. మంచి రేకు మీద పాత రంగు ఉందంటే అది బండికి సాక్ష్యం.

ఇప్పుడు ఈ లెక్కకు ఎదురు తిరిగే కార్లు కూడా ఉన్నాయి. మార్పే విలువగా మారిన సందర్భాలు. మన తెలుగువాళ్ళకు తెలిసిన పెద్ద ఉదాహరణ ఎన్టీ రామారావు గారి చైతన్య రథం. అది పాత షెవర్లే వ్యాను. 1982లో పార్టీ పెట్టిన తరువాత దాన్ని ప్రచారానికి తగినట్టు మార్పించారు. పైన నిలబడి మాట్లాడడానికి వేదిక, మైకులు అమర్చారు. కొడుకు హరికృష్ణ తోలగా రామారావు గారు దాని మీదే రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఏబీఆర్ 7776 అనే ఆ నంబరు ఇప్పటికీ చాలామందికి నోటికి వస్తుంది. రేపు ఎవరైనా దాన్ని తీసుకుని, పైన వేదిక కోసేసి, షెవర్లే కంపెనీ చేసినట్టే తయారుచేశాను అంటే ఏమవుతుంది? అలాంటి షెవర్లే వ్యాన్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. చైతన్య రథం మాత్రం ఒకటే. ఆ బండి చరిత్ర 1982 మార్పుతోనే మొదలైంది. అక్కడ మార్పును తీసేయడమే అసలును చెరపడం.

పరదేశంలోనూ ఇలాంటిదే ఒకటి చెప్పుకోవచ్చు. 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలో మాంటెరే వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ కారు మీద ఉన్నది పుట్టుకతో వచ్చిన బాడీ కాదు. 1964లో పందేల కోసం కొత్త తరహా బాడీ వేశారు. అయినా రేటు పడిపోలేదు. ఎందుకంటే ఆ మార్పు ఫెరారీకి బాడీలు కట్టే స్కాలియెట్టి షెడ్డులోనే, ఆ కారు పందేల్లో తిరిగే రోజుల్లోనే జరిగింది. దానికి రికార్డు ఉంది. ఇంజను మాత్రం మొదటి ఇంజనే. ఇంకో దారి కూడా ఉంది. కాలిఫోర్నియాలోనే సింగర్ అనే సంస్థ పాత పోర్షే 911 కార్లను పూర్తిగా విప్పి, కొత్తగా కట్టి, మామూలు పాత పోర్షే ధరకు ఎన్నో రెట్లకు ఇస్తుంది. అక్కడ కొనేవాడు ఆ పనివాళ్ళ చేతికి డబ్బిస్తున్నాడు. ఆ పేరు లేని షెడ్డులో అదే పని చేయిస్తే ఆ ధర రాదు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు పసుపు రంగు రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం సింహాసనంలాంటి వెనక సీటుతో ప్రత్యేకంగా చేయించిన 1912 నాటి కారు. అది రాకముందే 1911లో ఆయన పోయారు. కారు పెద్దగా తిరగనే లేదు. అలాంటి సీటు మామూలు రోల్స్‌రాయిస్‌లో ఉండదు. మామూలు మోడల్‌తో పోలిస్తే అది తేడానే. కారుతో పాటే పుట్టిన తేడా కనుక దానికి అదే అసలు.

ఈ కార్లన్నిటిలోనూ ఒక సంగతి సమానంగా కనపడుతుంది. మార్పు ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే ప్రశ్నలకు జవాబు ఉంది. మన ఊళ్ళో ఒకాయన తన అంబాసిడర్‌ను చూపించి, ఇందులో కాసు బ్రహ్మానందరెడ్డి గారు తిరిగారు అంటాడనుకోండి. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది 1964 నుంచి 1971 దాకా. బండి ఆ ఏళ్ళదేనా? ఆయన దాని పక్కన నిలబడిన ఫొటో ఉందా? పాత ఆర్సీలో ఎవరి పేరుంది? ఇవి చూపిస్తే రేటు పెరుగుతుంది. చూపించలేకపోతే అది అరుగు మీద చెప్పుకునే కబురు, దానికి పైసా రాలదు.

ప్రభుత్వం కూడా ఇప్పుడు అసలు రూపం అనే ప్రమాణాన్ని నియమంగా పెట్టింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాహనాలు దీని కిందికి వస్తాయి. షరతు ఏమిటంటే, ఛాసిస్, బాడీ, ఇంజను ఈ మూడింట్లో పెద్ద మార్పులు జరగకుండా బండి అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ తరువాత పునరుద్ధరణకు 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం పేరు తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి ఆ బండిని వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్ళవచ్చు. 1975కు ముందు రిజిస్టరైన అంబాసిడర్‌కు, ఫియట్‌కు, జీపుకు ఈ వయసు వచ్చేసింది. ఆనాడు ఇంజను మార్చిన బండ్లకు మాత్రం ఈ తలుపు తెరుచుకోవడం కష్టం. రేటులో తేడాకు ఇదొక కొత్త కారణం.

పాత కార్ల ర్యాలీల్లోనూ ఇదే కొలత. ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక నడిపిన ర్యాలీ మన దేశంలో పేరున్నది. అలాంటి పోటీల్లో న్యాయనిర్ణేతలు మెరుపుకంటే ముందు అసలు సామాను చూస్తారు. హారను, మీటర్లు, స్విచ్చులు, చివరికి స్క్రూల తల ఆకారం దాకా చూస్తారు.

కనుక, ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు. బండిని షెడ్డుకు పంపకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త సామాను వేయించినప్పుడు విప్పిన పాతదాన్ని మెకానిక్‌కు వదిలేయకుండా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. పాత కార్బొరేటరు, పాత మీటరు, పాత హబ్‌క్యాపు బండితో పాటు ఇస్తే కొనేవాడు వాటికి కూడా విలువ కడతాడు. ప్రతి బిల్లూ, పాత ఇన్సూరెన్సు, పాత పన్ను రసీదు ఒక ఫైల్లో పెట్టండి. పనిచేస్తున్న భాగాన్ని అందం కోసం మార్చకండి. రిపేరు చేయగలిగినదాన్ని కొత్తది వేయకండి. ఇప్పటికే మార్పు జరిగి ఉంటే దాన్ని దాచకుండా చెప్పండి, ఆర్సీలోకి ఎక్కించండి. కొనేవాడు చూసి కనిపెట్టిన మార్పుకు రేటు ఎంత తగ్గుతుందో, మీరే చెప్పిన మార్పుకు అంత తగ్గదు.

తోలుకోవడానికే ఉంచుకున్న బండి అయితే మీ ఇష్టం, మీ సౌఖ్యం చూసుకోండి. అమ్ముదామనుకుంటే మాత్రం పెయింటరును పిలవకముందే బీరువాలోంచి ఆర్సీ తీయండి. బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఇంజను నంబరు మీది గ్రీజు తుడిచి చదవండి. రెండూ కలిస్తే బేరం మీ చేతిలో ఉంది. కలవకపోతే ముందు రవాణా కార్యాలయానికి వెళ్ళండి, బేరం సంగతి తరువాత.